నిద్రపోని కొలువు

మహమ్మారి వచ్చిన మొదటి వేసవిలో జర్మనీలోని లైప్‌జిగ్‌లో ఒక ఆధునిక కళల మ్యూజియం మా ఇంటికి వచ్చింది. అంతవరకు మేమే దాని దగ్గరికి వెళ్ళాలి, వెళ్ళేవాళ్ళం కాదు. ట్రామ్‌లో పోతూ చూస్తే సిమెంటు గోడలు, గాజు తలుపు, తలుపు మీద చిన్న అక్షరాల్లో ఒక ప్రశ్న కనిపించేవి. కొన్ని నెలలకోసారి ఆ ప్రశ్న మారేది. ఒకసారి 'మనం ఎవరం?' అని, ఇంకోసారి 'ఎవరు మనం?' అని. టిక్కెట్టు కొనుక్కుని మరీ ప్రశ్నలు వేయించుకోవడం దేనికని మా ఆవిడ అనేది.

ఆ వసంతంలో అన్నిటితోపాటు మ్యూజియమూ మూతపడింది. మళ్ళీ తెరిచాక ఎవరూ రాలేదు. బేకరీ ముందు జనం వీధి చివరిదాకా ఎడం ఎడంగా నిలబడ్డారు, క్షవరానికి టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, కోసం స్నేహాలు చెడగొట్టుకున్నారు. మ్యూజియం లేని లోటు మాత్రం ఎవరికీ తెలియలేదు. ఇలాంటి అవమానం జరిగితే సినిమా హాలు టిక్కెట్టు ధర తగ్గిస్తుంది. మ్యూజియం తన పాత్ర మార్చుకుంటుంది. మా పోస్టు డబ్బాలో ఒక రంగుల కాగితం పడింది. ఇకమీదట మ్యూజియం ఈ పేట మొత్తానికీ ముందుగది అట. వస్తువుల్ని చూపించే పని మానేసి మనుషుల్ని కలుపుతుందట. మనుషులు కలుసుకోకూడదని ప్రభుత్వం చెప్పిన ఏడాదిలోనే వాళ్ళకి ఈ సంగతి తట్టింది.

నేను హైదరాబాదులో ఒక దినపత్రికలో జుట్టు నెరిసేదాకా పనిచేసి, మా ఆవిడకి ఇక్కడి ఐటీ కంపెనీలో బ్లూ కార్డు వీసా మీద ఉద్యోగం వస్తే వెంట వచ్చినవాణ్ణి. పత్రికలో ఉండగా చిత్రకళా ప్రదర్శనల ప్రారంభోత్సవాలకి నన్నే పంపేవారు. నాకు కళ తెలుసని కాదు, క్రైం రిపోర్టరు వెళ్ళనన్నాడని. సమోసా, టీ, ప్రసంగం. ముఖ్య అతిథి 'ఈ చిత్రాలు మాట్లాడుతున్నాయి' అని మొదలుపెట్టి, గంటసేపు వాటికి సందివ్వకుండా తనే మాట్లాడేవాడు. ఆ కాగితం చదవగానే నాకు ఆ సమోసా వాసన తగిలింది. మడిచి చెత్తబుట్టలో వేశాను.

పై అంతస్తులో ఉండే టోలిచౌకి అమ్మాయి వెయ్యలేదు. ఆమె ఇక్కడికి చదువుకోవడానికి వచ్చి ఉద్యోగంలో స్థిరపడింది. జర్మన్ ధారాళంగా మాట్లాడుతుంది కాబట్టి మా భవనంలోని తెలుగువాళ్ళ అన్‌మెల్డుంగ్‌లనే చిరునామా నమోదులూ, అద్దె తగాదాలూ ఆమె నోటిమీదుగానే నడిచేవి. ప్రతి దసరాకీ మా ఇంటి బొమ్మల కొలువుకి వచ్చి, గుగ్గిళ్ళు రెండోసారి అడిగి పెట్టించుకునేది. ఆ కాగితం చూసి తనే మ్యూజియానికి మెయిలు పెట్టింది.

"అక్కా, మీ బొమ్మల ముచ్చట జెప్పిన. ఆ క్యూరేటర్ మేడం ఫుల్ ఖుష్. ఇంటికే వస్తదంట" అంది ఒక సాయంత్రం.

"అయ్యో, ఇల్లు సర్దలేదే!"

"ఇంట్లకి రాదు అక్కా. కరోనా గదా. కింద హోఫ్‌ల కూసుంటది."

వెనక పెరట్లో, సైకిళ్ళ పక్కన, నాలుగు కుర్చీలు దూరం దూరంగా వేశాం. ప్రదర్శనల్లో ఏం పెట్టాలో తేల్చే ఆ క్యూరేటర్ పైనుంచి కిందిదాకా నల్లబట్టల్లో వచ్చింది. మా ఆవిడ పోయినేటి కొలువు ఫొటోలు పంపింది: మెట్ల మీద తెల్లగుడ్డ, పైన దేవుళ్ళు, కింద కొండపల్లి ఏనుగు అంబారీ, ఎడ్లబండి, బియ్యం పప్పులు ముందేసుకున్న శెట్టిగారి జంట, అన్నిటికన్నా కింద మేం ఇక్కడ సంతలో కొన్న జర్మన్ కొయ్యబొమ్మ ఒకటి, నోట్లోంచి సాంబ్రాణి పొగ వదిలేది. ఆ ఫొటోలన్నీ ఆమె ఫోన్‌లో పెద్దవి చేసుకుని చూసింది.

"ఇది ఇన్‌స్టలేషన్ ఆర్ట్" అంది చివరికి, రోగం పేరు చెప్పే డాక్టరులా.

"ఇన్‌స్టలేషన్ నేను ఆఫీసులో చేస్తాగా. ఇది కొలువు" అంది మా ఆవిడ నాకు మాత్రమే వినపడేట్టు.

"మీ ఇల్లే అసలైన మ్యూజియం. మేము మీ దగ్గర నేర్చుకోవాలి. దీన్ని మా దగ్గర పెడతారా?" అంది క్యూరేటర్.

ఇంటికొచ్చిన మనిషి నోరు తెరిచి అడిగితే లేదనడం మా ఆవిడ వల్ల కాదు. ఆవిడకే కాదు, మనలో చాలామందికి చేతకాదు. మొగమాటం అన్నది మనం పుట్టుకతో తెచ్చుకునే ఆస్తి, దానికి వీసా కూడా అక్కర్లేదు. "దానిదేముందండీ, మీరు అంతగా అడుగుతుంటే" అంది. టోలిచౌకి అమ్మాయి దాన్ని జర్మన్‌లోకి మారిస్తే ఒక్క 'యా' మిగిలింది.

ఎన్నాళ్ళు అని ఎవరూ అడగలేదు. కొలువంటే నవరాత్రులని మా ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఎగ్జిబిషనంటే చలికాలం వెళ్ళేదాకా అని క్యూరేటర్‌కీ ఎవరూ చెప్పక్కర్లేదు. తెలిసిన సంగతి కదా అని ఇద్దరూ నిశ్చింతగా ఒప్పుకున్నారు. తరవాత ఏదో కాగితం వస్తే, పార్సిల్ తెచ్చిన మనిషికి పెట్టినట్టు సంతకం పెట్టి పంపాం.

కిటికీలు లేని ఒక తెల్లటి హాల్లో కొలువు పెట్టారు. మా ఆవిడ మూడు రోజులు సెలవు పెట్టింది. బొమ్మల్లో సగం ఆవిడ పుట్టింటివి. వాళ్ళమ్మ, అంతకుముందు అమ్మమ్మ పెట్టినవి. పెళ్ళిలో ఇచ్చిన తిరుపతి ఎర్రచందనం బొమ్మల జంట అన్నిటికన్నా ముఖ్యం. ఏటా ముందు మెట్లెక్కేవి అవే. ప్రతి బొమ్మ పక్కనా మ్యూజియంవాళ్ళు చిన్న అట్టముక్క పెట్టారు. శెట్టిగారి జంట పక్కన ఉన్నదాన్ని టోలిచౌకి అమ్మాయి రెండుసార్లు చదివి, తెలుగులో చెప్పడానికి నానా తంటాలు పడింది. మారకం, జ్ఞాపకం, శరీరాల మధ్య జరిగే వలసానంతర సంభాషణ అని ఏదో ఉందట. పత్రిక డెస్కు మీద ఉన్నప్పుడైతే నేను దాన్ని ఒక్క ముక్కలోకి కుదించేవాణ్ణి: శెట్టిగారు బియ్యం అమ్ముతున్నారు.

పేరంటం కూడా పెట్టమన్నారు. కాకపోతే దానికో ఆరోగ్య ప్రణాళిక ఉంది. కుంకుమ చేత్తో పెట్టకూడదు. దూదిపుల్లలు పెట్టారు, ఎవరిది వాళ్ళు అద్దుకోవాలి. గుగ్గిళ్ళు కవర్లలో కట్టి, శనగలు పడనివాళ్ళకి హెచ్చరిక అంటించారు. హారతి కర్పూరం చూడగానే అగ్నిమాపక నిబంధనలు గుర్తొచ్చి, బ్యాటరీతో వెలిగే కొవ్వొత్తి తెచ్చిచ్చారు. మా ఆవిడ దాని బటన్ నొక్కి బొమ్మల ముందు తిప్పింది. వచ్చిన జర్మన్లు చేతులు వెనక్కి కట్టుకుని, మాస్కుల పైన కళ్ళు చిట్లించి, ఏ మాటా లేకుండా నిలబడ్డారు. ఒక పెద్దాయన మాత్రం పొగబొమ్మని చూసి "ఇది మాదే" అని సంబరపడ్డాడు. ఆ సాయంత్రం అక్కడ ఎవరికైనా ఏదైనా అర్థమైందంటే ఆయనకే.

విజయదశమి సాయంత్రం మా ఆవిడ ఖాళీ పెట్టె, పాత చీరలు తీసుకుని వెళ్ళింది. వాళ్ళింటి ఆచారం ప్రకారం ఆ రాత్రి ఎర్రచందనం బొమ్మల్ని పడుకోబెట్టాలి. మర్నాడు మిగతావాటిని దించి, చీరల్లో చుట్టి పెట్టెలో పెట్టాలి. నిలబెట్టిన కొలువుని పడుకోబెట్టకుండా వదిలేస్తే అది ముగిసినట్టు కాదు; ముగియనిదాన్ని మళ్ళీ ఏడాది మొదలుపెట్టడానికి లేదు. పెట్టెని చూసి క్యూరేటర్ తెల్లబోయింది.

"తీసేస్తారా? ఇప్పుడేగా మొదలైంది! వచ్చేవారం పత్రికల వాళ్ళు వస్తున్నారు."

టోలిచౌకి అమ్మాయి ఇద్దరి మధ్యా అటూ ఇటూ చూసి, "అక్కా, వీళ్ళది ఫిబ్రవరిదాకా ఉందంట. మీరు సైన్ చేసిన్రంట" అంది.

"ఫిబ్రవరా! బొమ్మల్ని అన్నాళ్ళు నిలబెడతారా ఎవరైనా?"

"గదే జెప్తున్న. గామె మీరు మొత్తం మ్యూజియం మొగం మీద తలుపేస్తున్నరు అన్నట్టు చూస్తుంది."

మళ్ళీ అదే మొగమాటం. "సరే, ఆ పత్రికల వాళ్ళేదో చూసి వెళ్ళాక వస్తాను" అంది మా ఆవిడ. ఒక్క వారం ఆలస్యమైతే దేవుడు అర్థం చేసుకుంటాడని ట్రామ్‌లో నాతో అంది. దేవుడు అర్థం చేసుకునేవాడే, జర్మన్ ప్రభుత్వమే ఆగలేదు. ఆ వారంలోనే కేసులు పెరిగాయి, నవంబరు మొదట్లో మ్యూజియాలన్నీ మళ్ళీ మూతపడ్డాయి. కొలువు లోపల ఉండిపోయింది.

ఊరికే ఉండిపోతే అదో రకం. మ్యూజియం ఇప్పుడు ఇంకో పాత్రలోకి దిగింది. భవనం మూసినా తాము అందుబాటులో ఉన్నామని చెప్పడానికి హాల్లో ఒక కెమెరా పెట్టి, కొలువుని రాత్రీ పగలూ ఇంటర్నెట్లో చూపించడం మొదలుపెట్టారు. కెమెరా కోసం లైట్లు ఎప్పుడూ వెలుగుతూనే ఉండాలి. మా ఆవిడ ఇంటినుంచి పనిచేస్తూ, ఒక తెర మీద ఆఫీసు మీటింగు, రెండో తెర మీద తన బొమ్మలు పెట్టుకునేది.

"ఏమండీ, చూడండి, అంత వెలుతురులో పాపం ఎలా నిలబడ్డాయో. నాకే నిద్ర పట్టడం లేదు" అనేది.

బొమ్మలకి నిద్రేమిటని నేను అనలేదు. చలి ముదిరేకొద్దీ అది బొమ్మల సంగతి కాదని తెలిసిపోయింది. వాళ్ళమ్మ ఒక్క ఏడు కూడా తప్పించలేదు. అమ్మ పోయాక కొలువు ఈవిడ చేతికి వచ్చింది. ముచ్చటగా మూడేళ్ళు పెట్టి, అదీ దేశంకాని దేశంలో, తన మొగమాటం వల్ల అది తన దగ్గరే ఆగిపోతే? ఆవిడ నోరు తెరిచి అన్నది ఇంతే: "వచ్చే దసరాకి ఏ మొహంతో పెట్టను?"

టోలిచౌకి అమ్మాయి ఫోన్లు చేసింది. సిబ్బంది సగంమంది పని లేక సగం జీతం మీద ఇంట్లో ఉన్నారు. ఉన్నవాళ్ళు బయటివాళ్ళని రానివ్వలేమన్నారు. "మ్యూజియం గాదు అక్కా ఇది, హౌజ్‌వెర్వాల్టుంగే! గాళ్ళే నయం, హీటర్ ఖరాబైతే వారంలకైనా మనిషిని పంపిస్తరు" అంది. మా అద్దె ఇళ్ళు చూసే ఆఫీసుకి అంత మంచి మాట దొరకడం అదే మొదలు.

ఈలోపు మ్యూజియం పత్రికల్లో బాధపడింది. పుస్తకాల షాపులు తెరవచ్చట, మొక్కలమ్మే దుకాణాలు తెరవచ్చట, తాము మాత్రం స్విమ్మింగ్ పూళ్ళతో కలిసి వినోదం కింద జమ అయ్యారట. తాము వినోదం కాదని గట్టిగా వాదించారు. ఆ విషయంలో మా పేటలో ఎవరికీ అభ్యంతరం లేదు.

చలికాలం చివర్లో మ్యూజియం ముందు మొట్టమొదటిసారి క్యూ కనిపించింది. బేకరీ ముందు ఉన్నంత క్యూ. పిల్లల బండ్లు తోసుకుంటూ తల్లులు, కర్రలతో ముసలివాళ్ళు, డెలివరీ సైకిళ్ళవాళ్ళు. పేట మొత్తానికీ ముందుగది అవుతామన్న మాట నిజమైంది. ముందుగదిని కరోనా పరీక్షల కేంద్రానికి అద్దెకిచ్చారు. ముక్కులో పుల్ల పెట్టించుకోవడానికి అందరూ వస్తున్నారు.

మా ఆవిడా టెర్మిన్ తీసుకుంది. లోపలికి ఎలాగైనా వెళ్ళొచ్చని ఆశ. ముక్కులో పుల్ల పెట్టించుకుని, కళ్ళు తుడుచుకుంటూ, హాలు వైపు గాజు తలుపు దాకా వెళ్ళింది. తలుపు తాళం వేసి ఉంది. ఓరగా చూస్తే కింది మెట్టు, అందులో శెట్టమ్మ ఒక్కటి కనిపించిందట. అక్కడి మనిషి వెనక్కి రమ్మని చెయ్యి ఊపాడు. నెగెటివ్ అని చెప్పి పంపేశాడు.

ఫిబ్రవరి వెళ్ళిపోయినా, మూసి ఉన్న రోజులు లెక్కలోకి రావని బొమ్మల్ని ఇవ్వలేదు. మార్చిలో కొన్నాళ్ళపాటు మ్యూజియాలు టెర్మిన్ల మీద తెరిచారు. కేసులు మళ్ళీ పెరుగుతున్నాయనీ, ఈ తెరవడం ఎక్కువ రోజులు నిలవదనీ వార్తల్లో అప్పుడే అంటున్నారు. మొదటి రోజే మా ఇద్దరికీ టెర్మిన్ దొరికింది. తన కొలువు చూడటానికి మా ఆవిడ టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళింది. కాపలా ఆవిడ అటు తిరిగినప్పుడు తాడు దాటి, ఎర్రచందనం బొమ్మల్ని మెల్లిగా పడుకోబెట్టి, ఏమీ ఎరగనట్టు నా పక్కకి వచ్చి నిలబడింది. రేపు పెట్టె తీసుకుని రావడమే అంది. ఆ రాత్రి లైట్లు ఆపకపోయినా పడుకున్నాయి కదా అని సరిపెట్టుకుంది.

పొద్దున్నే కాఫీ తాగుతూ తెర చూస్తే బొమ్మలు రెండూ నిలబడి ఉన్నాయి.

"ఏమండీ!" అంది మా ఆవిడ.

టోలిచౌకి అమ్మాయి ఫోన్ చేసి కనుక్కుంటే విషయం తెలిసింది. రాత్రి రెండు బొమ్మలు పడిపోయినట్టు కెమెరాలో చూశారు. వస్తువుల్ని కాపాడే రెస్టారేటర్‌ని ఇంటినుంచి పిలిపించారు. ఆయన తొడుగులు వేసుకుని వచ్చి, పగుళ్ళేమైనా ఉన్నాయేమో అద్దంతో చూసి, మొదటిరోజు ఫొటో పక్కన పెట్టుకుని, అంగుళం తేడా లేకుండా మళ్ళీ నిలబెట్టి వెళ్ళాడు. జరిగిన ప్రమాదానికి క్షమించమని మ్యూజియం మా ఆవిణ్ణి కోరింది.

"పడుకోబెడితే లేపేస్తారా! పసిపిల్లల్ని కూడా అలా లేపరు" అంది ఆవిడ. తరవాత టోలిచౌకి అమ్మాయి వైపు చెయ్యి చాపి అన్నమాట నేను పెళ్ళయ్యాక వినలేదు: "ఇక చాలు. ఫోన్ ఇటివ్వు. నేనే మాట్లాడతా."

తన ఆఫీసు ఇంగ్లీషులోనే మాట్లాడింది. క్యూరేటర్ అంతా విని, గొంతు మారిపోయి అంది: పడిపోవడం కాదన్నమాట, పడుకోబెట్టడమన్నమాట! ఎంత అందమైన చర్య! దాన్ని కెమెరా ముందు చేద్దాం, ముందుగా చిన్న పరిచయం, తరవాత ప్రశ్నలు జవాబులు. నేను పక్కనుంచి వింటూ, ఈవిడ ఇప్పుడు 'దానిదేముందండీ' అంటుందని ఎదురుచూశాను.

"నో" అంది మా ఆవిడ.

క్యూరేటర్ ఎందుకని అడిగింది.

"పడుకునేటప్పుడు లైట్లేసి ఎవరైనా చూస్తారా అండీ? మీ పిల్లల్ని అలాగే పడుకోబెడతారా? కెమెరా ఆపాలి. లైట్లు ఆపాలి. ఈ రోజే దించుకుపోతాను. మీ గవర్నమెంటు మళ్ళీ మూసేలోపు."

మ్యూజియానికి తన జీవితంలో అంత స్పష్టమైన వాక్యం తారసపడి ఉండదు. సాయంత్రం మూసేవేళకి రమ్మన్నారు.

క్యూరేటర్, రెస్టారేటర్, కాపలా ఆవిడ, మేం ముగ్గురం. ఎడం పాటిస్తూ నిలబడ్డాం. కెమెరా తీగ పీకేశారు. మా ఆవిడ ఎర్రచందనం బొమ్మల్ని పడుకోబెట్టి, తన పాత చీర ఒకటి మడత పెట్టి పైన కప్పింది. రెస్టారేటర్ చీర ముట్టుకున్న బొమ్మకి ఏమవుతుందో చెప్పబోయి, ఆవిడ మొహం చూసి ఊరుకున్నాడు. మామూలుగా అయితే రాత్రంతా అలా ఉంచాలి. అంత అదృష్టం లేదు కాబట్టి చీకటైతే చాలు, అదే రాత్రి అనుకుంటానంది.

చీకటి చెయ్యడం దగ్గర పని ఆగింది. ఆ హాల్లో స్విచ్చులు లేవు. క్యూరేటర్ గోడలన్నీ తడిమింది. లైట్లన్నీ ఎక్కడో ఉన్న కంప్యూటర్ నడుపుతుందట. ఏ దీపం ఎంత వెలగాలో లెక్కలు కట్టి పెట్టిన అంత పెద్ద భవనంలో దీపం ఆర్పే మనిషి లేడు. సాంకేతిక నిపుణుడికి ఫోన్ చేశారు. ఆయన తన వంటింట్లో ఉన్నాడు. వెనక గిన్నెల చప్పుడు వినిపించింది. ఎందుకు ఆర్పాలని అడిగాడు. క్యూరేటర్ బొమ్మలకి నిద్ర అని చెప్పలేక, భాగస్వామ్య సంస్కృతి గురించి మొదలుపెట్టింది. ఆయనకి అర్థం కాలేదు.

టోలిచౌకి అమ్మాయి ఫోన్ అందుకుని జర్మన్‌లో రెండు ముక్కలు చెప్పింది. ఏం చెప్పావంది మా ఆవిడ.

"బొమ్మలు పండుకున్నయ్, లైట్ బంద్ చెయ్ అన్న. గంతే."

"ఏమన్నాడు?"

"ఆఁ, అట్లనా, ముందే చెప్పొద్దా అన్నడు. ఆయనకి చిన్న బిడ్డ ఉన్నదంట."

లైట్లు వరసగా ఆరిపోయాయి. హాలు చివర తలుపు పైన ఒక ఆకుపచ్చ గుర్తు మాత్రం మిగిలింది. మెట్లూ, బొమ్మలూ, అట్టముక్కల మీది రాతలూ ఏవీ కనిపించలేదు. ఎవరూ ఏమీ వివరించలేదు. మాస్కుల వెనక అందరం ఊపిరి తీసుకోవడం మాత్రం వినిపించింది. మా ఆవిడ ఏదో లోలోపల చెప్పుకుంటోంది, వాళ్ళమ్మ చెప్పినదే అయ్యుంటుంది. ఆ చీకట్లో ఎంతసేపు ఉన్నామో తెలియదు.

ఉండబట్టలేక క్యూరేటర్ గొంతు తగ్గించి, "అసలు మనం ప్రదర్శించాల్సింది ఇదే" అంది.

"ష్" అంది మా ఆవిడ.